ఏ ఊరికి మీ భాష అవసరం?

అమెరికా వెళ్లే మన పిల్లలు ఊరు ఎలా ఎంచుకుంటారో మీకు తెలియనిది కాదు. పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటే డల్లాస్. కాలేజీ సీనియర్ న్యూజెర్సీలో ఉంటే న్యూజెర్సీ. ఎయిర్‌పోర్టుకి కారు వేసుకొచ్చే మనిషి, మొదటి నెల తలదాచుకోవడానికో గది, ఆదివారం గుడి, గుడి క్యాంటీన్లో ఇడ్లీ. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. కానీ ఇంగ్లీషు కాక మరో రెండు మూడు భాషలు గట్టిగా వచ్చి, వాటి ఆసరాతో ఉద్యోగం వెతుక్కునేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు చుట్టాలున్న ఊరు చూసుకుని వెళితే నేర్చుకున్న విద్య పెట్టెలోనే ఉండిపోతుంది. ఇవాళ వాళ్ల గురించి మాట్లాడుకుందాం.

వాళ్లెవరంటారా? హైదరాబాదు ఇఫ్లూలో స్పానిష్ ఎం.ఏ. చేసిన అమ్మాయి. శ్రీసిటీలో జపాన్ కంపెనీలో చేరి జపనీస్ పట్టుబట్టి నేర్చుకున్న కుర్రాడు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియన్ భాష వంటబట్టించుకున్న ఇంజినీరు. పెళ్లయి భర్త వెంట వెళ్లి, హెచ్-4 వీసా మీద ఇంట్లో ఉన్న పాతబస్తీ ప్రాంతపు అమ్మాయి. ఆమెకి తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు నాలుగూ ధారాళంగా వస్తాయి, అయినా తనకి బహుభాషా నైపుణ్యం ఉందన్న సంగతే ఆమెకి తట్టదు. వీళ్లు నలుగురూ ఒకే ఊరికి వెళ్లడంలో అర్థం లేదు.

మొదట తెలుగు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ అక్కడే పొరబడతారు. 2010 నుంచి 2017 వరకు అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగే. ఆ ఏడేళ్లలో 86 శాతం పెరిగి, తెలుగు మాట్లాడేవాళ్లు నాలుగు లక్షలు దాటారు. మరి డల్లాస్ పక్కన ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలో ఎడిసన్‌లోనో తెలుగు వచ్చినవాళ్లకి ఉద్యోగాలు కుప్పలుగా ఉండాలి కదా? లేవు. అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లలో ఎక్కువమంది ఇంజినీర్లు, డాక్టర్లు, ఎమ్మెస్సు చదివినవాళ్లు. బ్యాంకుకి వెళ్లినా కోర్టుకి వెళ్లినా ఇంగ్లీషులో పని కానిచ్చుకుని వస్తారు. మాట్లాడేవాళ్లు ఎంతమంది ఉన్నారన్నది కాదు, ఆ భాష తెలిసిన మనిషి లేకపోతే ఎవరి పని ఆగిపోతుందన్నది చూడాలి. నేను ఈ పావుగంటలో చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

తెలుగు లేక పని ఆగే చోటు ఒకటుంది. ఆస్పత్రి. కొడుకు దగ్గరకో కూతురి దగ్గరకో వచ్చిన తల్లిదండ్రులు, గ్రీన్‌కార్డు మీద అక్కడే ఉండిపోయిన పెద్దవాళ్లు, వీళ్లకి డాక్టరుతో ఇంగ్లీషులో చెప్పుకోవడం కష్టం. 2010 నాటి ఆరోగ్య బీమా చట్టంలో 1557వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆస్పత్రి ఇలాంటి రోగికి అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి. అత్యవసరమైతే తప్ప పిల్లల చేత చెప్పించకూడదు.

ఆ పని ఎలా ఉంటుందో ఒక్క ఫోన్ కాల్ చూద్దాం. అటు పక్క డాక్టరు, ఆయన ముందు మంచం మీద గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. నొప్పి ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగాడు. ఆవిడ, "మెట్లెక్కితే ఆయాసంగా ఉంటోందమ్మా, ఎడమ చెయ్యి లాగుతోంది, మా అబ్బాయికి మాత్రం చెప్పకు తల్లీ, వాడు కంగారు పడతాడు" అంది. ఇప్పుడు ఇంటర్‌ప్రెటర్ ఏం చెయ్యాలి? "ఆవిడకి ఆయాసంగా ఉందట" అనకూడదు. "నాకు ఆయాసంగా ఉంది" అని ఆవిడే మాట్లాడుతున్నట్టు ఇంగ్లీషులో చెప్పాలి. అబ్బాయికి చెప్పొద్దన్న ముక్క కూడా డాక్టరుకి వినిపించాలి, ఎందుకంటే ఆ గదిలో అన్న మాట ఏదీ దాచకూడదు, కలపకూడదు. "ఫరవాలేదు పిన్నిగారూ" అని సొంతంగా ఓదార్చడం కూడా కుదరదు. తెలుగింట్లో పెరిగినవాళ్లకి ఇదే అన్నిటికంటే కష్టం. కనీసం 40 గంటల శిక్షణ, ఆపైన సర్టిఫికెట్ పరీక్ష. స్పానిష్, అరబిక్, మాండరిన్ లాంటి కొన్ని భాషలకి నోటి పరీక్ష ఉంది. తెలుగుకి లేదు కాబట్టి ఇంగ్లీషులో వృత్తి పరిజ్ఞానం మీద పెట్టే పరీక్షతో సరిపెట్టుకోవాలి.

అయితే ఈ పనికి ఊరితో సంబంధం లేకుండా పోతోంది. తెలుగు లాంటి భాషకి ఆస్పత్రి నౌకరీ ఇచ్చి మనిషిని పెట్టుకోదు. ఫోన్ ద్వారానో వీడియో ద్వారానో పిలుచుకుంటుంది, నిమిషాల లెక్కన డబ్బిస్తుంది. ఈ వ్యాపారంలో పెద్ద కంపెనీ అయిన లాంగ్వేజ్‌లైన్ కాలిఫోర్నియాలో మాంటెరే పట్టణంలో ఉంది, దానికి పనిచేసేవాళ్లు మాత్రం దేశమంతటా ఉన్నారు. కాబట్టి మీ చేతిలో తెలుగు ఒక్కటే ఉంటే, అద్దె తక్కువున్న ఊరే మంచి ఊరు.

మన పాతబస్తీ అమ్మాయి సంగతి వేరు. ఆమె దగ్గర ఉర్దూ ఉంది. న్యూయార్క్ నగరం 2017లో ఒక స్థానిక చట్టం చేసింది. దాని ప్రకారం జనంతో పని ఉండే నగర ప్రభుత్వ శాఖలన్నీ ముఖ్యమైన కాగితాలు పది భాషల్లో ఇవ్వాలి. స్పానిష్, చైనీస్, రష్యన్, బెంగాలీ, హైతీ క్రియోల్, కొరియన్, అరబిక్, ఉర్దూ, ఫ్రెంచి, పోలిష్. హిందీ లేదు చూశారా! తెలుగు సరేసరి. క్వీన్స్, బ్రూక్లిన్ వీధుల్లో టాక్సీ నడిపేవాళ్లు, కిరాణా కొట్లలో పనిచేసేవాళ్లు, వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు చాలామంది బెంగాలీలో, ఉర్దూలో తప్ప చెప్పుకోలేరు. వాళ్లకి బడిలో టీచరుతో, అద్దె కోర్టులో జడ్జితో, క్లినిక్‌లో నర్సుతో పని పడుతుంది. ఇంట్లో మాట్లాడేదే కదా అని ఆమె లెక్కలోకి తీసుకోని ఉర్దూకి అక్కడ కుర్చీ, బల్ల, జీతం ఉన్నాయి. రాయడం, చదవడం కూడా వచ్చి ఉండాలి సుమా. మాట్లాడటమే వచ్చి లిపి రానివాళ్లు మన దగ్గర చాలామంది.

ఇక్కడో కిటుకు చెబుతాను. ఏ ఊరికి ఏ భాష అవసరమో తెలుసుకోవడానికి ఆ ఊరున్న కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దానిలో, ఓటు కాగితం ఏయే భాషల్లో అచ్చవుతుందో చూడండి. 1975లో ఓటు హక్కుల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, ఇంగ్లీషు సరిగా రాని ఒక భాషవాళ్లు ఓటు వయసు పౌరుల్లో 5 శాతం దాటినా, 10 వేలు దాటినా, వాళ్ల భాషలో ఓటు కాగితం ఇవ్వాల్సి వస్తుంది. మరికొన్ని షరతులున్నాయి, అవి వదిలేద్దాం. గమనించాల్సింది ఏమిటంటే, ఆ లెక్క భాష వచ్చినవాళ్లది కాదు, ఆ భాష తప్ప గతిలేనివాళ్లది. అందుకే అది ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి ఇంత బాగా పనికొస్తుంది. క్వీన్స్‌లో 2013 నుంచి బెంగాలీలో ఓటు కాగితం ఉంది. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో స్పానిష్‌తో పాటు వియత్నామీస్, చైనీస్ ఉన్నాయి. ఆ ఊళ్లోనే ప్రపంచంలో అతిపెద్ద వైద్య కేంద్రమైన టెక్సస్ మెడికల్ సెంటర్ ఉంది. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే, వియత్నామీస్ వచ్చిన నర్సుకి ఎవరి సలహా అక్కర్లేదు.

ఇక స్పానిష్ అమ్మాయి. ఆమెకి అందరూ చెప్పే ఊరు మయామి. 1959 తర్వాత క్యూబా నుంచి వచ్చినవాళ్లతో ఆ ఊరి ముఖమే మారిపోయింది. దానికి ఎదురుదెబ్బగా 1980లో అక్కడి కౌంటీ ఓటర్లు, ప్రభుత్వ ఖర్చు ఇంగ్లీషుకి తప్ప మరో భాషకి పెట్టకూడదని తీర్మానించారు. 1993లో దాన్ని ఎత్తేశారు. లాటిన్ అమెరికా వ్యాపారం చూసే కంపెనీల ఆఫీసులు ఎన్నో ఆ ఊళ్లో ఉన్నాయి. ఇన్ని ఉన్నా, స్పానిష్ ఒక్కటే పట్టుకుని మయామి వెళ్లమని నేను ఆ అమ్మాయికి చెప్పను. అక్కడ స్పానిష్ రావడం గొప్ప కాదు, రాకపోవడం లోటు. బొగోటాలో పుట్టి పెరిగినవాళ్లతో, హవానా నుంచి వచ్చినవాళ్ల పిల్లలతో పోటీ. వాళ్ల ఇంగ్లీషు కూడా బాగానే ఉంటుంది. అయితే ఆమెకి అకౌంట్లో, ఎగుమతి దిగుమతుల కాగితాలో తెలిస్తే మాట మారుతుంది. విదేశీ సరుకు రవాణాలో అమెరికాలో మొదటి విమానాశ్రయం మయామిదే. దాని పక్కనున్న డొరాల్ పట్టణంలో వీధి వీధికీ సరుకు పంపే కంపెనీలే. స్పానిష్‌కి బ్రెజిల్ వాళ్ల పోర్చుగీసు జతైతే ఇంకా మంచిది.

ఇదే సంగతి మరో ఊరిలో మరో రకంగా కనిపిస్తుంది. సాల్ట్ లేక్ సిటీ. అక్కడ మోర్మన్ చర్చి కుర్రాళ్లు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకే మత ప్రచారానికి పరదేశాలకి వెళతారు. రెండేళ్లు అక్కడే ఉండి ఆ భాష నేర్చుకుని తిరిగొస్తారు. అందువల్ల ఆ ఊళ్లో పోర్చుగీసు, జపనీస్, కొరియన్ వచ్చిన అమెరికన్లు వీధికొకరు. కంపెనీలు సంతోషంగా అక్కడ కాల్ సెంటర్లు పెడతాయి. వాళ్లకి మంచి ఊరు. బయటినుంచి అవే భాషలతో వచ్చినవాడికి అంత మంచిది కాదు. అవసరం ఉండటం ఒక్కటే చాలదు, ఆ అవసరం తీర్చేవాళ్లు అప్పటికే ఎంతమంది ఉన్నారో కూడా చూసుకోవాలి.

మరి ఎక్కడ అవసరం ఎక్కువ, మనుషులు తక్కువ? మనవాళ్లు పేరైనా వినని చిన్న ఊళ్లల్లో. జపాన్, జర్మనీ, కొరియా కార్ల కంపెనీలు అమెరికాలో ఫ్యాక్టరీలు పెట్టింది న్యూయార్కులోనూ కాదు, శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ కాదు. హోండా 1982లో ఒహాయోలో మేరీస్‌విల్‌లో కార్లు చేయడం మొదలుపెట్టింది. టయోటా 1988లో కెంటకీలో జార్జ్‌టౌన్. బీఎండబ్ల్యూ 1994లో సౌత్ కరోలినాలో స్పార్టన్‌బర్గ్ దగ్గర. ఆ పక్కనే గ్రీన్‌విల్‌లో ఫ్రెంచి టైర్ల కంపెనీ మిష్‌లాన్ ఉత్తర అమెరికా ముఖ్య కార్యాలయం ఉంది. అంటే జర్మన్, ఫ్రెంచి రెండూ ఒకే చోట. హ్యుందాయ్ 2005లో అలబామాలో మాంట్‌గొమరీ, కియా 2009లో జార్జియాలో వెస్ట్ పాయింట్. వీటి చుట్టూ విడిభాగాలు చేసే కంపెనీలు డజన్ల కొద్దీ వచ్చాయి. సియోల్ నుంచి వచ్చిన ఇంజినీరుకి అలబామా యాస అర్థం కాదు, అలబామా కార్మికుడికి కొరియన్ ఒక్క ముక్క రాదు. మధ్యలో ఒక మనిషి కావాలి.

ఆ మనిషిని ఎలా ఎంచుతారో తెలుసా? ఫోన్లో పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడి, చెప్పకుండా కొరియన్‌లోకి మారిపోతారు. "రాత్రి షిఫ్టులో లైను ఆగిపోయింది. సప్లయర్ దగ్గరనుంచి వచ్చిన బ్రాకెట్లో రంధ్రం పక్కకి జరిగి ఉంది. ఇప్పుడు టీమ్ లీడర్‌కి ఏం చెబుతావ్?" అంటారు. కొరియన్ భాషకి పెట్టే టోపిక్ పరీక్షలో పెద్ద గ్రేడు తెచ్చుకుని, కొరియన్ సీరియళ్లు చూసి నేర్చుకున్న కుర్రాడు ఇక్కడ నీళ్లు నములుతాడు. పెనుకొండ ఫ్యాక్టరీ ఫ్లోర్ మీద నాలుగేళ్లు అదే గొడవ పడినవాడు గడగడా చెప్పేస్తాడు. అతని విలువ కొరియన్‌లో లేదు, వెల్డింగ్ లైను గురించి కొరియన్‌లో మాట్లాడగలగడంలో ఉంది. పైగా అతనికి వీసా దారి కూడా ఒకటుంది. ఒక సంస్థ తన విదేశీ శాఖలో గత మూడేళ్లలో కనీసం ఒక ఏడాది పనిచేసిన మేనేజరునో, సంస్థ పనిలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవాణ్నో ఎల్-1 వీసా మీద అమెరికా శాఖకి మార్చుకోవచ్చు. అందుకే ఇక్కడ చేస్తున్న ఉద్యోగాన్ని అంత తేలిగ్గా వదులుకోకండి అంటున్నాను.

జపనీస్ కుర్రాడికి మరో చిత్రమైన అవకాశం ఉంది. టయోటా అమెరికా ముఖ్య కార్యాలయం ఒకప్పుడు లాస్ ఏంజెలెస్ దగ్గర టారెన్స్‌లో ఉండేది. 2017లో టెక్సస్‌లో ప్లేనోకి మారింది. ప్లేనో అంటే ఫ్రిస్కోకి పక్క ఊరు, మన తెలుగువాళ్లు కిక్కిరిసిన చోటు. పెద్దమ్మ కొడుకు దగ్గరే ఉంటూ జపనీస్‌తో పని వెతుక్కునే అదృష్టం అందరికీ దొరకదు. పైగా టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఫ్లోరిడా, టెనెసీల్లోనూ లేదు. న్యూయార్క్‌లో రాష్ట్రానికి కట్టాక నగరానికి కూడా వేరే కట్టాలి. కానీ న్యూయార్క్‌లో కారు లేకుండా బతకొచ్చు, మాంట్‌గొమరీలో పాల ప్యాకెట్టుకి కూడా కారు తీయాల్సిందే. ఈ లెక్కలు ఎవరికి వాళ్లు వేసుకోవలసినవే.

వాషింగ్టన్ గురించి క్లుప్తంగా చెబుతాను. ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ అక్కడున్నాయి, వాటికి దేశదేశాలవాళ్లు కావాలి. కానీ భాషతో ముడిపడిన ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు దాదాపు అన్నీ అమెరికా పౌరులకే. పౌరులైనా భరోసా లేదు. 1942 నుంచి నడుస్తున్న వాయిస్ ఆఫ్ అమెరికాలో ఎన్నో భాషల వాళ్లు 2025లో ఒక్క ఉత్తర్వుతో ఇంటికెళ్లారు. సరదాకి ఒక మాట. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకి భాషలు నేర్పడానికి వేసుకున్న లెక్కలో స్పానిష్‌కి ఏడు నెలల దాకా చాలు, తెలుగుకి 44 వారాలు, 1,100 గంటలు కావాలి. మనం పైసా ఖర్చు లేకుండా అమ్మ దగ్గర నేర్చుకున్నాం.

2025 మార్చి 1న అమెరికా అధ్యక్షుడు ఇంగ్లీషుని అధికార భాషగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఇంగ్లీషు రానివాళ్లకి భాషా సాయం చేయాలని 2000లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వుని అదే రోజు రద్దు చేశారు. దీంతో భాషా ఉద్యోగాలు పోయినట్టేనా? పోలేదు. 1964 నాటి పౌర హక్కుల చట్టం అలాగే ఉంది, ఆస్పత్రుల సెక్షన్ అలాగే ఉంది. కానీ ఢిల్లీ నుంచి వచ్చే బలం తగ్గితే రాష్ట్రం మీద, మున్సిపాలిటీ మీద భారం ఎలా పెరుగుతుందో మనకి తెలుసు కదా, అక్కడా అంతే. ఇప్పుడు ఊరి చట్టం ముఖ్యమైంది. శాన్‌ఫ్రాన్సిస్కోకి 2001 నుంచి, వాషింగ్టన్ నగరానికి 2004 నుంచి సొంత భాషా చట్టాలున్నాయి. మసాచుసెట్స్‌లో ఎమర్జెన్సీ వార్డుల్లో ఇంటర్‌ప్రెటర్ ఉండి తీరాలని రాష్ట్ర చట్టమే చెబుతుంది. అలాంటి చట్టం ఉన్న ఊరికీ లేని ఊరికీ తేడా ఇదివరకటికంటే ఎక్కువ.

జీతం మాట కూడా దాచకుండా చెప్పాలి. అమెరికాలో అనువాదకులు, ఇంటర్‌ప్రెటర్ల మధ్యస్థ జీతం 2023లో ఏడాదికి 57 వేల డాలర్ల ప్రాంతంలో ఉండేది. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు నవ్వుకునే మొత్తం. 2005లో ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన పరిశోధనలో, రెండో భాష వచ్చిన డిగ్రీవాళ్లకి దానివల్ల అదనంగా దక్కేది రెండు మూడు శాతమేనని తేలింది. కాగితం మీద అనువాదాన్ని యంత్రాలు ఇప్పటికే లాక్కుంటున్నాయి. భాష కూరలో ఉప్పులాంటిది, కూర వేరే ఉండాలి. నర్సింగ్, అకౌంట్లు, బడిపంతులు ఉద్యోగం, వెల్డింగ్, లా, ఏదైనా ఒక పని. బడిపంతులు పనే తీసుకోండి. టెక్సస్‌లో ఒక భాష మాట్లాడే పిల్లలు, ఇంగ్లీషు ఇంకా రానివాళ్లు, స్కూల్ డిస్ట్రిక్ట్ మొత్తం మీద ఒకే తరగతిలో 20 మంది ఉంటే ద్విభాషా బోధన పెట్టాలని చట్టం. అక్కడ స్పానిష్ వచ్చిన టీచర్లకి ఎప్పుడూ కరువే. లూజియానాలో ఫ్రెంచి బళ్లకి బయటి దేశాలనుంచి టీచర్లని పిలిపించుకుంటారు.

ఉద్యోగ ప్రకటనలు చదివేటప్పుడు ఒక్క మాట పట్టి చూడండి. రెండో భాష వస్తే "మంచిది" అని రాస్తే దానికి డబ్బు ఇవ్వరు, పని మాత్రం చేయించుకుంటారు. "తప్పనిసరి" అని రాస్తే బేరమాడొచ్చు. భాషకి విడిగా అలవెన్సు ఉందని రాస్తే అదే అసలైన ఉద్యోగం. ఒకే భాష పేరు పెట్టి నాలుగు ఊళ్లల్లో వెతికి, ఈ మూడిట్లో ఏది ఎక్కడ ఎక్కువ కనిపిస్తోందో రాసుకోండి. ఒక ఆదివారం చాలు.

చివరగా, మన ఊళ్ల నుంచి అమెరికా వెళ్లాలని చూస్తున్నవాళ్లకి ఒక విన్నపం. ఇంటర్‌ప్రెటర్ పనికి హెచ్-1బి వీసా రావడం చాలా కష్టం, ఎందుకంటే ఆ వీసాకి ఫలానా డిగ్రీ ఉంటేనే చేయగల ఉద్యోగం అయి ఉండాలి. ఏడాదికి ఉన్నవే 85 వేలు, వాటికి లాటరీ. 2025 సెప్టెంబరు నుంచి బయటి దేశం నుంచి కొత్తగా పిలిపించుకునే మనిషికి లక్ష డాలర్ల ఫీజు కూడా పెట్టారు. పైగా ఆ దరఖాస్తు ఖర్చు, లాయరు ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలి తప్ప ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని అమెరికా చట్టం చెబుతోంది. కాబట్టి నాలుగు భాషలు వచ్చు కదా, ఐదు లక్షలు కట్టు, అమెరికా ఆస్పత్రిలో ఉద్యోగం ఇప్పిస్తాం అని ఎవరైనా కన్సల్టెన్సీ బోర్డు పెట్టుకుని మీ ఇంటికొస్తే, దయచేసి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.